యాకమ్మ బియ్యం

తెల్లవారేసరికి మబ్బు హన్మకొండ మీదికి దిగి ఉంది. వాన పడలేదు, గాలి వీచలేదు. తడిపి, పిండకుండా దండెం మీద వేసిన గోనెపట్టాలా ఆకాశం బరువుగా వేలాడుతోంది. వరికి పరవాలేదు, పత్తికాయకే మంచిది కాదు అనుకుంది నుస్రత్, గేటుకు గొళ్లెం పెడుతూ. ఆమెకు ఎక్కడా గుంట భూమి లేదు. కానీ తొర్రూరు అవతల పత్తి వేసే మొగిలి ఈ ఆదివారం వస్తాడు. ఆదివారం పెత్రమాస. చనిపోయినవాళ్ల పేరు మీద జనం బియ్యం ఇచ్చుకునే రోజు. ఏటా ఆ రోజున మొగిలి ఆమె ల్యాబుకు రాక తప్పదు. అందుకని ఈ నెలలో మబ్బు పడితే ఆమెకు ముందు ఆయన చేనే గుర్తొస్తుంది.

యూనివర్సిటీ దగ్గర ఆటో దిగి నడిచింది. ల్యాబు తలుపు తీసే ఉంది. శ్రీలత అప్పటికే తొడుగులు వేసుకుని, అద్దాల పెట్టెలాంటి హుడ్ ముందు కూర్చుంది. చేతులు అద్దం లోపల, మొఖం అద్దం ఇవతల. కణాలకు తిండిగా పోసే గులాబీ రంగు మీడియం ఉన్న ఫ్లాస్కును ఒక పక్కకు వంచి, అడుగున అంటుకుని ఉన్న కణాలకు తగలకుండా పాత నీళ్లు పీల్చి తీస్తోంది.

"రఘునాథపల్లి బస్సు ఇంత పొద్దుగాల్నే దొరికిందా?"

"దొరికింది మేడం. ఒంటికాలు మీద నిలబడి వచ్చిన. రెండో కాలు పెట్టెతందుకు జాగ లేదు."

"యాకమ్మ ఎట్లున్నది?"

"ఫ్లాస్కు నిండింది. రేపటికల్ల రెండు ఫ్లాస్కులల్లకు పంచాలె."

ఆ కణాలకు పరిశోధన పత్రాల్లో ఇంగ్లిషు అక్షరాల పేరొకటి ఉంది. ల్యాబులో ఆ పేరు ఎవరి నోటా వినబడదు. యాకమ్మకు ఆకలైతాంది, యాకమ్మ అలిగింది, యాకమ్మను ఎండాకాలం జర చల్లగ చూసుకోవాలె. అంతే. మొగిలి భార్య యాకమ్మ దవడ లోపలి పుండు నుంచి పెద్ద దవాఖానలో కోసి ఇచ్చిన శనగగింజంత ముక్క అది. యాకమ్మ ఆ నెలలోనే పోయింది. ముక్క పెరిగింది. అప్పుడు రీసెర్చి విద్యార్థిగా ఉన్న నుస్రత్, దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న మొగిలితో, "పెద్దయ్యా, ఆమె కణాలు మా దగ్గర బతికే ఉంటయి" అని చెప్పింది. ఓదార్పుకు ఏదో ఒకటి అనాలి కనుక అన్నది. ఆ మాట పట్టుకుని ఆయన పద్దెనిమిదేళ్లుగా వస్తున్నాడు.

బల్ల మీద ఫోను మోగింది. హైదరాబాదు నుంచి వినోద. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు ఇద్దరూ. ఇప్పుడు వినోద కణాల గుర్తింపు పరీక్షలు చేసే చోట పని చేస్తోంది. మనిషికి వేలిముద్ర ఉన్నట్టే కణానికీ ఒక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూపించందే ఈ మధ్య ఏ జర్నలూ వ్యాసం తీసుకోవడం లేదు. అందుకే నుస్రత్ మూడు ట్యూబులు పంపింది.

"నుస్రత్, కూసున్నవా నిలబడ్డవా?"

"నిలబడ్డ. చెప్పు."

"జర కూసో."

నుస్రత్ కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"మూడు ట్యూబులల్ల ఒక్కటే ముద్ర వచ్చింది. నేనే తప్పు చేసిన్నేమోనని మళ్ల చేసిన. మళ్ల అదే. హీలా."

నుస్రత్ చూపు శ్రీలత చేతిలోని ఫ్లాస్కు మీదికి పోయింది.

"విన్నవా?"

"విన్న."

"యాకమ్మది ఒక్క కణం గూడ లేదే. ఎప్పుడు కలిసిందో, మొత్తం తినేసింది."

హీలా అంటే ల్యాబుల్లో పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. డెబ్బై ఏళ్ల కింద అమెరికాలో గర్భసంచి ముఖద్వారం క్యాన్సరుతో చనిపోయిన ఒక నల్లజాతి స్త్రీ కణాలవి. ప్రపంచంలో అవి లేని ల్యాబు అరుదు. వరిమళ్లో ఊదగడ్డి లాంటివి. పొరపాటున ఒక్క చుక్క పక్క ఫ్లాస్కులో పడితే చాలు, కొద్ది వారాల్లో అసలువాటిని అణగదొక్కి ఫ్లాస్కంతా అవే నిండుతాయి. పైకి చూస్తే కణాలు మంచిగా పెరుగుతున్నాయనే అనిపిస్తుంది.

ఫోను పెట్టేశాక నుస్రత్ శ్రీలత వీపు వైపు చూసింది. కణం పైపొర మీద ఒక కబురు తగిలితే, అది లోపల చేతులు మారుతూ పోయి, పెరగమనో ఆగమనో చెబుతుంది. యాకమ్మ కణాల్లో ఆగమనే కబురు నడిమిట్ల ఒక చోట చిక్కుపడిపోతోందని, తంబాకు నమిలేవాళ్ల నోటి పుండు అందుకే ఆగకుండా పెరుగుతుందని నుస్రత్ రాసింది. ఆమె పేరు, ఉద్యోగం, పత్రాలు అన్నీ ఆ ఒక్క చిక్కు మీదే నిలబడ్డాయి. దవాఖాన నుంచి కొత్తగా తెచ్చిన ముక్కల్లో ఆ చిక్కునే వెతకమని శ్రీలతకు అప్పజెప్పింది. శ్రీలతకు అది దొరకలేదు. మళ్లీ చెయ్ అంది నుస్రత్. మళ్లీ చేసింది, దొరకలేదు. "నీ చెయ్యి కుదురుగ లేదమ్మా. నీ చెయ్యి తగిలితే యాకమ్మ సుత అలుగుతది" అని అందరి ముందూ నవ్వుతూ అంది. రెండేళ్లుగా ఆ పిల్ల ఆ నవ్వును మోస్తూ బస్సెక్కుతోంది, దిగుతోంది.

"శ్రీలతా, అది పక్కన పెట్టి ఇటు రా."

విషయం నాలుగు ముక్కల్లో చెప్పింది. శ్రీలత ఒక్కొక్క వేలే లాగుతూ తొడుగులు తీసింది.

"అన్నీనా మేడం?"

"మనం వాడేటియన్నీ."

శ్రీలత తొడుగులను చెత్తడబ్బాలో వేసి, అక్కడే నిలబడింది. తన రెండేళ్ల ఊసు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదనిపించింది నుస్రత్‌కు.

"నైట్రోజన్ క్యాను అడుగున మొదటి నెలలల్ల దాచిన ట్యూబు ఒకటుండాలె. అది పంపలే. తియ్యి."

క్యాను మూత తీయగానే తెల్లటి పొగ నేల మీదికి పాకింది. శ్రీలత మందపాటి తొడుగుతో అడుగు కడ్డీ పైకి లాగి, చిటికెనవేలంత ట్యూబు బయటకు తీసింది. దాని మీద నుస్రత్ చేతిరాతే, సగం చెరిగి ఉంది. ఒక ఎండాకాలం హైదరాబాదు నుంచి నైట్రోజన్ బండి రాక ఈ క్యాను ఎండిపోయిన సంగతి, ఎండితే లోపలివి బతకవన్న సంగతి ఇద్దరికీ తెలుసు. నుస్రత్ ట్యూబును గోరువెచ్చని నీళ్లలో ఆడించింది. మెంతిగింజంత మంచు మిగిలేదాకా ఆగి, తీసి, స్పిరిటుతో తుడిచి, కొత్త ఫ్లాస్కులో పోసి, కణాలను ఒంటి వేడిలో ఉంచే ఇంక్యుబేటరులో పెట్టింది. బతికి ఉంటే తెల్లారేసరికి కణాలు అడుగున కాళ్లు చాపుకుని అంటుకుంటాయి. చస్తే తేలతాయి.

"నీలిరంగు వేసి చూద్దామా మేడం?" అంది శ్రీలత. చచ్చిన కణం ఆ రంగును పీల్చి నీలంగా మారుతుంది. బతికినది దాన్ని లోపలికి రానివ్వదు.

"ఇప్పుడొద్దు. అంటుకుంటయేమో చూద్దాం."

నుస్రత్ బయటికి పోయే ముందు ఒకసారి, తిరిగి వచ్చాక ఒకసారి ఇంక్యుబేటరు తలుపు మీద చెయ్యి వేసింది. తీయలేదు.

*

శుక్రవారం పొద్దున ఫ్లాస్కులో అన్నీ తేలుతూ కనిపించాయి. ఒక మూలన రెండు మూడు అంటుకున్నట్టే ఉన్నాయి. ఫ్లాస్కును వేలితో తట్టి చూడాలనుకుని మానుకుంది. తలుపు మూసి పాండురంగం సారింటికి పోయింది.

పాండురంగం ఆమెకు గురువు. రిటైరై ఏడేళ్లయింది. మోకాలికి పట్టీ చుట్టుకుని వరండాలో కూర్చుని, చాటలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. కండ్లద్దాలు ముక్కు కొసకు జారి ఉన్నాయి. ఆమె చెబుతున్నంతసేపూ కాయల మీంచి చెయ్యి తీయలేదు. హీలా అన్నాక మాత్రం ఒక కాయ ఈనె తీయకుండానే గిన్నెలో పడింది.

"వినోద చేసిందా? అయితే తప్పుండది" అన్నాడు చివరికి.

ఆయన భార్య శకుంతల చాయ్ తెచ్చి పెట్టింది. "గిన్నెల ఈనెలేస్తాన్నవు, చాటల కాయలేస్తాన్నవు. ఏం మనిషివయ్యా" అని చాట తీసుకుని లోపలికి పోయింది.

చాట పోయాక పాండురంగానికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"అప్పట్ల కరెంటు ఎంతసేపుండేది? వచ్చిందంటే ఉరుకుడే. ఉన్నది ఒక్క హుడ్. ఒక్క మీడియం సీసా. ముందు హీలాకు పోసి, అదే పిపెట్టు మళ్ల సీసాల ముంచి, యాకమ్మకు పోసి ఉంటం. నేను గావచ్చు, నువ్వు గావచ్చు, అప్పట్ల మనతోటి పనిజేసిన శ్రీనివాస్ గావచ్చు. కరెంటు పోయేలోపట అన్ని ఫ్లాస్కులు ఒడవాలె గద."

"రెండు రకాలను ఒక్కసారి ముట్టొద్దని మీరే చెప్పేటోళ్లు సార్."

"చెప్పేటోణ్ణి. నా మాట కరెంటు ఇనాలె గద."

ఇద్దరూ చాయ్ తాగారు.

"సార్, యాకమ్మ పుంజుకున్న రోజు యాదికున్నదా?"

పాండురంగం తల ఊపాడు. మొదట్లో ఆ కణాలు నెలల తరబడి నీలుగుతూ, ఒకటి పెరిగితే రెండు రాలుతూ ఉండేవి. ఒక వారం ఉన్నట్టుండి ఫ్లాస్కు నిండింది. పాండురంగం చౌరస్తాకు పోయి స్వయంగా మిఠాయి తెచ్చాడు. ల్యాబులో అందరూ తిన్నారు. మొగిలికి కూడా ఒక లడ్డూ కాగితంలో చుట్టి దాచింది నుస్రత్.

"అది యాకమ్మ పోయిన రోజు సార్. మనం మిఠాయి తిన్నం."

పాండురంగం కండ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"నువ్విప్పుడు ఏం చేద్దామనుకుంటాన్నవు?"

"జర్నలుకు రాస్త. ఆ పత్రాలు వాపసు తీసుకుంటాన్నమని. మీ పేరు గూడ ఉన్నది గనుక మిమ్ములను అడుగుదామని వచ్చిన."

"నా పేరుకేం, దానికీ మోకాళ్ల నొప్పులొచ్చినయి. నీ సంగతి చెప్పు. వచ్చే నెల నీ ప్రొఫెసరు ఇంటర్వ్యూ. ఒక్క నెల ఆగి రాస్తే ధైర్యమంటరు. ఇప్పుడు రాస్తే ఇన్నేండ్లు కండ్లు మూసుకున్నదంటరు. మనిషి అదే, ఉత్తరం అదే. తేదీయే తేడా."

"మూసుకున్న మాట నిజమే గద సార్."

"నుస్రత్." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ ముసలాయన గురించి ఆలోచించినవా? మొగిలి. పెండ్లాం బతికున్నదని ఏడాదికోసారి వచ్చి చూసి పోతడు. ఆయనకేం చెప్తవు? మన కోసం గాదు, ఆయన కోసమన్న ఊకో."

నుస్రత్ చాయ్ గ్లాసు కింద పెట్టింది. వెళ్లొస్తానని లేచింది. ఆయన కూడా లేవబోయి, మోకాలు సహకరించక కుర్చీ చేతులు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

*

శనివారం పొద్దున నుస్రత్ భర్త ఖాజా మొహినుద్దీన్ బడికి పోవడానికి బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆయన లెక్కల సారు. భార్య పొయ్యి ముందు నిలబడి ఫోనులో జర్నలుకు పంపాల్సిన ఉత్తరం చదువుకుంటోంది. రాత్రి రాసింది. పంపలేదు. చాయ్ పొంగి పొయ్యి ఆరింది.

"చాయ్ గూడ వాపసు తీసుకుంటాన్నవా?" అన్నాడు ఖాజా.

ఆమె నవ్వలేదు. గుడ్డతో పొయ్యి తుడిచింది.

"మేము లెక్క తప్పితే కొట్టేసి మళ్ల చేస్తం. మీకు అట్ల ఉండదా?"

"మీరు బోర్డు మీద కొట్టేస్తరు. మేము లోకం ముంగట కొట్టెయ్యాలె."

"నా బోర్డు ముంగట అరవైమంది ఉంటరమ్మా. తొమ్మిదో తరగతి. లోకం వాళ్లకన్న నయం."

ఈసారి కొంచెం నవ్వింది. ఖాజా లేసు కట్టుకోవడం ఆపి ఆమె వైపు చూశాడు.

"నీ ఫికర్ ఇంటర్వ్యూది గాదు గద?"

"రేపు మొగిలి పెద్దయ్య వస్తడు. దాన్ని చూపియ్ బిడ్డా అంటడు."

"చూపియ్. ఆయనకేం తెలుస్తది ఎవరి కణమో?"

నుస్రత్ గుడ్డను పిండుతూ ఆగి, తిరిగి చూసింది.

"అట్ల చూడకు. అడిగిన అంతే" అన్నాడు ఖాజా. బూట్ల అడుగులను గడపకేసి కొట్టి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఫ్లాస్కులో మూలన అంటుకున్నట్టున్నవి కూడా వదిలేశాయి. శ్రీలత, నుస్రత్ వంతులవారీగా మైక్రోస్కోపు కంటిగొట్టం మీదికి వంగి చూశారు. గుండ్రంగా, చిన్నగా, ఎటు వంచితే అటు పోతున్నాయి.

"రేపు పొద్దున ఒక్కసారి చూద్దాం మేడం."

"రేపు ఎంగిలిపూల బతుకమ్మ. మీ అమ్మ ఎదురుచూస్తది, పో."

"చూసి పోత. నాకు గూడ చూడాలని ఉన్నది."

నుస్రత్ మైక్రోస్కోపు దీపం ఆర్పింది. దాని మీద గుడ్డ కప్పి, అంచులు సరిచేసింది. సరిచేసిన అంచులనే మళ్లీ సరిచేసింది.

"శ్రీలతా, నువ్వు కొత్త ముక్కల మీద తీసిన రీడింగులున్నయి గద. అవి సరైనయే. నీ చెయ్యి మంచిదే."

శ్రీలత సంచి భుజాన వేసుకుంటోంది. వేసుకుని, జడ సంచి కింద ఇరుక్కుంటే బయటికి లాగి, అప్పుడు అంది.

"ఆ మాట నిరుడు అంటే మంచిగుండు మేడం."

గొంతులో కోపం లేదు. అలసట మాత్రం ఉంది. తన అలసటే అందులో విన్నట్టయింది నుస్రత్‌కు.

*

ఆదివారం బస్సులన్నీ తంగేడు పువ్వుతోనే వచ్చాయి. శ్రీలత జుట్టులో, సంచి మీద పసుప్పచ్చ రేకులు అంటుకుని ఉన్నాయి. సెలవు కావడంతో భవనంలో ఇంకెవరూ లేరు. ఆమె ఫ్లాస్కు నుంచి ఒక చుక్క తీసి, నీలిరంగు కలిపి, గాజుపలక మీద పెట్టి, పక్కకు జరిగింది. నుస్రత్ చూసింది. అన్నీ నీలమే. పలకను అటు జరిపింది, ఇటు జరిపింది. తెల్లగా మెరిసేది ఒక్కటీ లేదు.

"అయిపోయింది" అంది.

మొగిలి వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, నల్లా కింద కాళ్లు కడుక్కున్నాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నాడు. ఒక చేతిలో టిఫిను గిన్నె, భుజాన గుడ్డసంచి. నిరుటి కన్నా వంగాడు. మెడ మీది నరాలు పైకి తేలాయి.

"మంచిగున్నవా బిడ్డా? అల్లుడు మంచిగున్నడా?"

"ఉన్నడు పెద్దయ్యా. పత్తి ఎట్లున్నది?"

"ఏం పత్తి. మబ్బు కదలకపాయె. కాయ నల్లవడ్తాంది." శ్రీలతను చూసి నవ్వాడు. "ఈ బిడ్డ ఇంకా గీన్నే ఉన్నదా? సదువు ఒడువలేదా?"

"ఒడిసేటట్టు లేదు తాతా" అంది శ్రీలత.

గిన్నె బల్ల మీద పెట్టాడు. "కోడలు గారెలు చేసింది. అన్నం, గుమ్మడికాయ కూర, పచ్చిపులుసు. నువ్వు మా ఇంట్ల కోసింది తినవాయె. అందుకని మాంసం తేలే." అని మైక్రోస్కోపు వైపు తిరిగాడు. ఏటా చేసినట్టే తువ్వాలను నడుముకు చుట్టుకున్నాడు, దేవుని దగ్గర నిలబడ్డట్టు. "మొదలు దాన్ని చూసి కూసుంట. పెట్టు బిడ్డా."

ఇంక్యుబేటరులో హీలా నిండిన ఫ్లాస్కు ఉంది. దాని మీద శ్రీలత చేత్తో 'యాకమ్మ' అని రాసి ఉంది. తీసి పెట్టడానికి ఎంతసేపూ పట్టదు. శ్రీలత నుస్రత్ మొఖం వైపు చూసింది.

"పెద్దయ్యా, కూసో. ఒక మాట చెప్పాలె."

"చూసినంక చెప్పు."

"చూసేటందుకు లేదు పెద్దయ్యా. యాకమ్మ లేదు."

మొగిలి నిలబడే ఉన్నాడు. నుస్రత్ స్టూలు ఆయన వెనక్కి జరిపింది. కూర్చోలేదు. ఆమె తడబడుతూ, ఆగుతూ చెప్పింది. ఫ్లాస్కులో వేరే ఆమె కణాలు కలిశాయని, అవి గడ్డిలా పెరిగి యాకమ్మవి లేకుండా చేశాయని. దాచిపెట్టిన ఆఖరుది కూడా పొద్దున చచ్చిపోయే కనిపించిందని. అది తమ చేతుల్లో జరిగిన తప్పే అని.

"ఎన్నడు పోయింది?"

"మొదటేడాదే. మాకే తెల్వలే. నీకు లడ్డూ ఇచ్చిన చూడు, అప్పుడే."

మొగిలి స్టూలు మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ మోకాళ్ల మీద పరిచాడు. పత్తిచేలో మందుకొట్టి పగిలిన వేళ్లు. వాటినే చూసుకున్నాడు.

"మరి నేను ఏటా చూసింది ఎవలను?"

"అమెరికాల ఒకామెను. ఆమె పోయి డెబ్బై ఏండ్లాయె."

"దాని తోటి అన్ని ముచ్చట్లు పెడితి గదనే. కోడలు కొట్లాట, బోరు ఎండిపోవుడు, అన్ని చెప్తి." మొగిలి పెదవి ఒక పక్కకు కదిలింది. "ఈ ముసలోడు ఎవడురా అనుకున్నదో ఏమో, పాపం."

శ్రీలత మొఖం కిటికీ వైపు తిప్పుకుంది. నుస్రత్ ఆయన ఏడుస్తాడని ఎదురుచూసింది. తిడతాడని కూడా. ఆయన సంచిని ఒళ్లోకి తీసుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి, పాత చీరపేలికతో కట్టిన మూట ఒకటి తీసి, బల్ల మీద పెట్టి ముడి విప్పాడు. బియ్యం. పైన రెండు బీరకాయలు, చింతపండు ఉండ, ఎండుమిరపకాయలు.

"గిది దాని బియ్యం. ఏటా కడ్త. పొద్దుగాల మా నాయిన పేరు మీద, అవ్వ పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్త. మూడోది ఎవల పేరు మీద అని ఆయన అడుగుతడు. నాకు నోరు రాదు. బతికున్నదాని పేరు మీద ఎట్ల ఇస్త? గిది సంచిల పెట్టుకొని ఈడికొస్త, మళ్ల ఇంటికి తీస్కపోయి గుమ్మిల పోస్త. కోడలు ఏటా నవ్వుతది, మామ బియ్యానికి బస్సు చూపిచ్చుకొస్తాండని."

"నాకెన్నడూ చెప్పలే పెద్దయ్యా."

"ఏమని చెప్పాలె? నువ్వేమో దాన్ని సంటిపిల్ల లెక్క సాదుతాంటివి. సాదేటిదానితోని, జర దాన్ని పోనియ్యమని ఎట్లంట?"

నుస్రత్ బల్ల పట్టుకుంది. ఇంక్యుబేటరు చిన్నగా రొద చేస్తోంది.

"ఆఖరుకు అది నోరు తెరవలేకపాయె. గంజి సుత మింగలే. పుండు వాసనకు నా బిడ్డలే దగ్గరికి రాకపోయిరి. నువ్వు గందుల్నించి ముక్క తీసి బతికిచ్చిన అన్నవు. నేను చూస్త, మంచిగున్నదంట. బస్సుల కూసున్నంక అనిపించేది... ఈ బిడ్డ సాదేది యాకమ్మనా, యాకమ్మ పుండునా అని." ఆయన తల అడ్డంగా ఊపాడు. "అడిగితే నీ మనసు నొస్తదని అడగలే."

మొగిలి బియ్యాన్ని వేళ్లతో కదిపి, వడ్లగింజ ఒకటి ఏరి పక్కన పెట్టాడు.

"ఆమెను అడిగి తీసిన్రా? ఆ అమెరికామెను."

"లేదు. ఎవరూ అడగలే. ఆమె ఇంటోళ్లకు గూడ ఏండ్లకు తెలిసింది."

"పిల్లలున్నరా?"

"ఉన్నరు."

"మరి మీ కాగితాలల్ల యాకమ్మ అనే ఉంటదా ఇంక?"

"అక్షరాల పేరే గని, ఇప్పటికైతే అది యాకమ్మదనే ఉన్నది."

"తీసెయ్ బిడ్డా. ఆమె కష్టం మీద మనదాని పేరెందుకు?" అని లేచాడు. "ఈడ దగ్గర్ల అయ్యగారు ఎవలన్న కూసున్నడా? తినకముందే ఇయ్యాలె."

"హాస్టలు ఎనక గుడి కాడ కూసున్నడు తాతా. వచ్చేటప్పుడు చూసిన. నేను తీస్కపోత" అంది శ్రీలత.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆమె పేరేంది?"

నుస్రత్ చెప్పింది. ఆయన ఒకసారి నోట్లో తిప్పుకుని, కుదరక, తల ఊపి పోయాడు.

ఒంటరిగా మిగిలాక నుస్రత్ తొడుగులు వేసుకుంది. తేలుతున్న కణాల ఫ్లాస్కు మూత తీసి, అందులో బ్లీచు పోసింది. గులాబీ రంగు పలచబడి, తెల్లబడి, ఉత్త నీళ్లయింది. దాన్ని తొట్టిలో వంచి, నల్లా విప్పి, నీళ్లు పోయేదాకా చూసింది. తర్వాత ఇంక్యుబేటరులోంచి నిండిన ఫ్లాస్కు బయటికి తీసింది. దూదికి స్పిరిటు తడిపి 'యాకమ్మ' అనే అక్షరాలు తుడిచింది. మొదటిసారికి మసకబారాయి. ఇంకో దూది తీసుకుని గట్టిగా రుద్దింది. మార్కరుతో 'హీలా' అని రాసి, లోపల పెట్టి, తలుపు మూసింది. తొడుగులు విప్పి ఫోను అందుకుంది. రాసిన ఉత్తరాన్ని మళ్లీ చదవలేదు. పంపి, ఫోనును బల్ల మీద బోర్లించింది.

వాళ్లు తిరిగి వచ్చారు. మొగిలి చేతిలో చీరపేలిక ఖాళీగా ఉంది. మడతలు కలిపి, చిన్నగా మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"ఇచ్చిన. పేరడిగిండు, యాకమ్మ అని చెప్పిన." నడుముకున్న తువ్వాల విప్పాడు. "సగం ఆ అమెరికామె పేరు మీద ఇచ్చిన. నోరు తిరగక హెన్రమ్మ అన్న. గోత్రమంటే తెల్వదన్న. అయ్యగారు ఏదో చదివిండు."

శ్రీలత బల్ల మీది సామాను ఒక పక్కకు జరిపి, వరండాలో బెంచీ తుడిచి, కాగితపు పళ్లేలు తెచ్చింది. మొగిలి గిన్నె విప్పాడు. మూడు పళ్లేల్లో అన్నం, గుమ్మడికాయ కూర పెట్టాడు. ఇంకో పళ్లెం తీసుకుని అందులో రెండు గారెలు, ముద్దంత అన్నం పెట్టి కిటికీ గట్టు మీద పెట్టాడు. వచ్చి కూర్చోబోయి, మళ్లీ లేచి, ఇంకో పళ్లేన్ని అలాగే నింపి దాని పక్కన పెట్టాడు. రెండు పళ్లేల అంచులు తగిలేలా జరిపాడు.

నుస్రత్ పళ్లెం ముందు కూర్చుంది. శ్రీలత ఆమె పక్కన కూర్చుని, పచ్చిపులుసు ముందు ఆమెకు పోసి, తర్వాత తనకు పోసుకుంది. మబ్బు ఇంకా కదల్లేదు. హాస్టలు వైపు నుంచి ఆడపిల్లల చప్పట్లు వినిపించి ఆగిపోయాయి. ముగ్గురూ అన్నం కలుపుకుని తినడం మొదలుపెట్టారు. మొగిలి మెల్లగా నమిలాడు. నుస్రత్ పళ్లెంలో కూర అయిపోతే, అడగకుండానే ఇంకొంచెం వేశాడు. ఆమె వద్దనలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.